ఆనకట్ట ఖరీదు

కరెంటు పోయింది. పోయిపోయి సరిగ్గా ప్రెస్సు యజమాని చంద్రరావు గారు చేతులు తుడుచుకుని, అచ్చు ప్లేటు చెయ్యడానికి కుర్చీలోంచి లేచిన వేళకి పోయింది. రాజమండ్రిలో వేసవి కోతల్ని తిట్టుకోనివాడు ఉండడు గానీ, శశిభూషణ్ మాత్రం ఆ పోయిన కరెంటుకి లోపల్లోపల ఒక దణ్ణం పెట్టుకున్నాడు. ప్లేటు మీదికి ఎక్కవలసిన అంకె ఇంకా అతగాడి బుర్రలోకే ఎక్కలేదు మరి. "గంట కోతేనండి, వచ్చేస్తుంది. రాగానే మొదలెట్టేస్తాను. ఈలోగా ఆ గుండ్రంలో ఏం వెయ్యాలో తేల్చేసుకోండి," అని చంద్రరావు గారు విసనకర్ర పుచ్చుకుని వీధరుగు మీదికి వెళ్ళిపోయారు. ఫాను రెక్కలు నెమ్మదిగా ఆగిపోయాయి. ఇంకు వాసన, కిరసనాయిలు వాసన, కొత్త కాగితం వాసన ఒకదాని మీద ఒకటి పడి ముక్కుకి అంటుకున్నాయి. శశిభూషణ్ ఒళ్ళో పెద్ద షీటు ఉంది. దాని మీద అతను కట్టిన కొత్త ఆట తాలూకు ముక్కలన్నీ పేక ముక్కల్లా వరసగా ఉన్నాయి, అన్నిటికీ మూల గుండ్రంలో ఖరీదు ఉంది, ఒక్క ఆనకట్ట ముక్కకే గుండ్రం ఖాళీగా ఉంది. దాన్ని చూడకూడదనుకుంటే కళ్ళు అక్కడికే పోతున్నాయి.

అయిదా, ఎనిమిదా. మధ్యలో ఆరూ ఏడూ కూడా ఉన్నాయి, వాటిని మాత్రం ఎందుకు వదలాలి. ఎంత చిన్న సంగతి, ఒక్క అంకె, రోడ్డు మీద పోయే ఎవణ్ణి ఆపి అడిగినా ఏదో ఒకటి చెప్పేస్తాడు, అదే అతని ప్రాణం తీస్తోంది. పేకాట అయితే ఈ గొడవ లేదు, ముక్కలు పంచుతారు, వచ్చినవాటితో ఆడతారు. ఇది అలా కాదు. ఇందులో ఎవరి కట్ట వాళ్ళే కట్టుకోవాలి. మొదట్లో అందరి దగ్గరా ఒకే రకం కట్ట, కాసిని మళ్ళు, కాసిని గట్లు, అంతే. మడి ముక్క ఒక బస్తా ధాన్యం ఇస్తుంది, గట్టు ముక్క ఏమీ ఇవ్వదు, ఊరికే చోటు తింటుంది. చేతిలోకి వచ్చిన బస్తాలు పెట్టి మధ్యలో పరిచిన వాటిలోంచి కొనుక్కోవాలి, ఎద్దులు, పడవ, కాలువ లాకు, మిల్లు, గాదె. కొన్నది నీ కట్టలో కలుస్తుంది, కట్ట కలిపినప్పుడల్లా మళ్ళీ నీ చేతికి వస్తుంది. చివరికి ఎవరి కట్టలో గాదెలు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. వీటన్నిటికీ రాజు ఆనకట్ట. అది చేతికొచ్చినవాడు ఇంకో మూడు ముక్కలు లాగుతాడు, లాగి మళ్ళీ ఆడతాడు. అంత బలమైన ముక్కకి ఖరీదు తక్కువ పెడితే అందరూ దాని వెనకే పరిగెడతారు, ఎద్దూ పడవా ముట్టుకునేవాడు ఉండడు, ఆట చచ్చిపోతుంది. ఎక్కువ పెడితే ఎవరూ కొనరు, ఆటలో ఉండీ లేనట్టే, అప్పుడూ చచ్చిపోతుంది. ఎటు చేసినా చావే, మధ్యలో ఎక్కడో సన్నటి దారి ఉంది, అది ఏ అంకె మీద నుంచి పోతోందో తెలియడం లేదు.

తెలియకపోవడానికి కారణం ఆడి చూడకపోవడం కాదు. ఆడి ఆడి ముక్కల అంచులు పీచు లేచాయి. అయితే రెండు ఊళ్ళు రెండు రకాలుగా చెబుతున్నాయి. మండపేటలో, అంటే అత్తవారింట్లో, మొదట ఆనకట్టకి అయిదు పెట్టి ఆడాడు. అతనే కొన్నాడు, అతనే గెలిచాడు. మరీ చవకైపోయిందనుకుని ఆరు పెట్టాడు. అతనే కొన్నాడు, అతనే గెలిచాడు. ఏడు పెట్టాడు, అదే కథ. ఒళ్ళు మండి ఎనిమిది పెట్టాడు, ఎనిమిది బస్తాలు ఒకేసారి చేతిలో పడటమంటే మాటలా, అయినా అతనే కొన్నాడు, ఆఖరికి వచ్చేసరికి అతని కట్టలోనే గాదెలు పొంగిపొర్లాయి. లెక్కల మేష్టారు కదా, దీన్నిబట్టి ఏం తేల్చుకోవాలి, ఎనిమిది కూడా చాలదని తేల్చుకోవాలి. సరే అని ఎనిమిదితోనే ఇక్కడ రాజమండ్రిలో, కాలేజీలో తన పక్క గదిలో ఫిజిక్సు చెప్పే బుల్లిరాజు ఇంట్లో పరిచాడు. బుల్లిరాజు ఆనకట్ట కోసం కాచుకుని కాచుకుని కూర్చున్నాడు, ఈలోగా తోడు కూర్చున్న ఇంకో మేష్టారు హరిబాబు చిన్న చిన్న ఎద్దులూ పడవలూ కొనుక్కుంటూ వెళ్ళి గెలిచేశాడు. "ఏంటి మేష్టారూ, కొంటే మునిగిపోయేదాన్ని రాజంటారేంటి," అన్నాడు బుల్లిరాజు. అయిదుకి దింపి ఆడితే ఒకసారి ఒకరు గెలిచారు, ఇంకోసారి ఇంకొకరు గెలిచారు, ఆనకట్ట కొన్నవాడూ గెలిచాడు, కొననివాడూ గెలిచాడు. ఒకే ముక్క, ఒకే ఆట, గట్టిగా గంట ప్రయాణం దూరంలో ఉన్న రెండు ఊళ్ళలో రెండు రకాలుగా ఎలా ఉంటుంది. నీళ్ళు మారితే ఒంటికి తేడా చేస్తుంది గానీ లెక్కకి చేస్తుందా.

చెమట కనుబొమల మీంచి జారి షీటు మీద పడబోతే చేత్తో ఆపాడు. ఎవరు చెప్పారు దీనికి ఆనకట్ట అని పేరు పెట్టమని. ఎవరూ చెప్పలేదు. ధవళేశ్వరంలో నాన్న ఇరిగేషన్ ఆఫీసులో ఉన్నప్పుడు సాయంత్రాలు తీసుకెళ్ళి చూపించేవాడు, ఒక్క నది ఇటొచ్చి ఆగి తూర్పుకొకటి, మధ్యకొకటి, పడమరకొకటి మూడు కాలువలై ఎలా పోతోందో. అందుకే మూడు ముక్కలు లాగడం. అది తట్టిన రోజున ఎంత సంబరపడ్డాడని, పోయిన ఏడాది హైదరాబాదులో స్నేహితుడి గదిలో ఇలాంటిదే ఒక పైదేశపు పెట్టె ఆట ఆడి, తిరుగు రైల్లో గోదావరి బ్రిడ్జి మీద దడదడలాడుతూ వస్తుంటే తట్టింది, అంతే, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా అట్టలు కత్తిరించడం మొదలెట్టాడు. ఉమాశ్రీ ఏమీ అనలేదు. కత్తెర వెతికి ఇచ్చింది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఉమ ఏం అన్నదని. తర్వాత మండపేటలో మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని "బ్రహ్మాండంగా ఉంది నాయనా, ఇలాంటిది నేను చూడలేదు" అన్నారు, అత్తయ్యగారు "మా అల్లుడుగారి బుర్రే బుర్ర" అన్నారు, ఆ మాటలు పట్టుకుని ఇంటికొచ్చి, ఆట అచ్చువేసి అమ్ముకుందామని నెల తిరక్కుండా కాలేజీకి రాజీనామా ఇచ్చేశాడు. ఇదిగో, ఇక్కడ కూర్చున్నాడు. ఆట బాగుంటే బాగున్నట్టు, బాగోకపోతే లెక్కల మేష్టారు కాస్తా లెక్క తప్పినవాడు అయిపోయినట్టు.

మావయ్యగారు. సూర్యప్రకాశం గారు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, చిన్న తప్పుకి బెంచీ ఎక్కించేవారని ఊరంతా చెప్పుకుంటారు, మరి ఆటలో ఏమిటి అంత మెత్తగా ఆడతారు. చేతిలో తొమ్మిది బస్తాలు పెట్టుకుని ఒక ఎద్దుల ముక్క కొన్నారు ఒకసారి. తొమ్మిది. ఎద్దులకి మూడు చాలు. వంతు దాటితే బస్తాలు నిలవుండవు, మిగతా ఆరూ ఊరికే పోయాయి. అప్పుడేమో పెద్దాయనకి ఆట ఇంకా పట్టుబడలేదులే అనుకున్నాడు. పోనీ ఆయనకి పట్టుబడలేదు, ఉదయ్‌భాస్కర్‌కి ఏమొచ్చింది, బావమరిది ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడు, కంప్యూటరు మీద ఎవరెవరితోనో ఆడి గెలిచేవాడు, వాడు కూడా ఆనకట్ట వైపు చెయ్యి చాపి, చాపినవాడు చాపినట్టే తల గోక్కుని లాకు తీసుకున్నాడు. "లాకు బాగుంటుందిలే బావగారూ," అన్నాడు. లాకు ఏం బాగుంటుంది. పోనీ వాడూ పరధ్యానంలో ఉన్నాడు. మరి అత్తయ్యగారు. సీతారామలక్ష్మి గారు వీధిలో ఆడవాళ్ళతో రమ్మీకి కూర్చుంటే, ఎదుటివాళ్ళు పారేసిన ముక్కల్నిబట్టి వాళ్ళ చేతిలో ఏమున్నాయో పైకి చదివేస్తుందని ఉమే చెప్పింది. అలాంటావిడ, ఎనిమిది బస్తాలూ చేతిలో ఉండగా, ఆనకట్ట మీదికి చెయ్యి వెళ్ళి, అక్కడ గాలిలో ఆగి, మెల్లగా పక్కకి జరిగి పడవ మీద వాలింది. "నాకు పడవంటే ఇష్టం నాయనా," అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఉమ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ఉమ నవ్విందా, నవ్వలేదా, ఎంత గుర్తుచేసుకున్నా ఉమ మొహం దగ్గరికి వచ్చేసరికి అంతా మసకగా ఉంది.

ఆ చెయ్యి ఎందుకు జరిగింది. శశిభూషణ్‌కి ఒక్కసారిగా అనుమానం వచ్చింది. కాదు, అలా అయి ఉండదు. అలా ఎందుకు అవుతుంది. ఎందుకంటే కాఫీ. ఎక్కడి కాఫీ ఎక్కడికి వచ్చింది, కానీ వచ్చింది, పెళ్ళయిన కొత్తలో మొదటిసారి అత్తవారింటికి వెళ్ళినప్పుడు కంగారులో కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోయారు, ఎలా ఉందని అత్తయ్యగారు అడిగితే మొదటి రోజే వంకలు పెట్టడం ఎందుకని "చాలా బాగుందండి" అన్నాడు. అయిపోయింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ ఇంట్లో అల్లుడుగారికి పంచదార లేని కాఫీయే, ప్రత్యేకంగా, విడిగా, వెండి గ్లాసులో. చేదు మింగుతూ "బాగుందండి" అంటూనే ఉన్నాడు, వాళ్ళు సంతోషిస్తూనే ఉన్నారు. మర్యాద అంటే ఇదేగా. అతను వాళ్ళ కాఫీ తాగినట్టే వాళ్ళు అతని ఆట ఆడారు. ఆ ఇంట్లో అల్లుడు రెండోసారి వడ్డించుకోకుండా లేవకూడదు, అల్లుడి మాటకి ఎదురు ఉండకూడదు, అల్లుడు ఓడిపోకూడదు. ఒకసారి మండపేటలో కాలువ ఏ వైపు నుంచి ఏ వైపుకి పారుతుందో అతనే తప్పు చెప్పాడు, ఆ ఊళ్ళో పుట్టి ఆ కాలువలో ఈత నేర్చుకున్న మావయ్యగారు "అవునవును" అన్నారు. అలాంటి ఇంటికి వెళ్ళి ముక్కలు పరిచి ఖరీదు తేల్చుకుందామనుకున్నాడు. తక్కెడ పళ్ళెం మీద వేలు నొక్కి తూస్తున్నారని తెలియక, తూకం పెరిగినప్పుడల్లా ధర పెంచుకుంటూ పోయాడు, ఎంత తెలివైనవాడు.

సరే, అయితే తేలిపోయినట్టేగా, మండపేట లెక్క కొట్టేసి రాజమండ్రి లెక్క ఉంచుకుంటే సరి, అయిదు. కానీ తేలలేదు. తేలకపోగా ఇంకా అడుసులో దిగబడింది. వాళ్ళు ముక్కలు వదిలేసింది మర్యాద అయితే, బ్రహ్మాండం అన్నదీ మర్యాదే కదా. రాజీనామా ఇచ్చింది ఏ మాట మీద, ఆ మాట మీదే. బుల్లిరాజు, హరిబాబు మాత్రం, పాపం ఉద్యోగం వదిలేసుకున్నవాడని జాలిపడి కూర్చున్నారేమో, రెండాటలయ్యాక హరిబాబు గోడ గడియారం చూశాడు, చూశాడా లేక దాని కింద క్యాలెండరు చూశాడా. ఆనకట్టకి ఖరీదు ఎంత అనేది కాదు ఇప్పుడు ప్రశ్న, అసలీ ఆటని ఎవరైనా, అతని మొహం చూడకుండా, ఆట కోసం ఆడతారా అని. ఉమ కూడా బాగుందనే అంది. ఎప్పుడు అంది. పెరట్లో బట్టలు ఆరేస్తూ అంది, అతను మూడోసారి అడిగితే అంది, "బాగుందండి" అంది, అచ్చం అతను కాఫీకి అన్నట్టే అంది. నాలుగేళ్ళ నుంచి ఉమ అన్న "బాగుందండి"లన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చి ముందు నిలబడ్డాయి, కొన్న చీర, చూపించిన ఊళ్ళు, అద్దెకి తీసుకున్న ఇల్లు, అతను పాడిన పాట. ఏది నిజం, ఏది పంచదార లేని కాఫీ. శశిభూషణ్‌కి నిజంగా భయం వేసింది. అరుగు మీద నుంచి చంద్రరావు గారి విసనకర్ర చప్పుడు వినిపిస్తోంది, గంట కావస్తోందో, సగమే అయిందో, గోడ మీద గడియారం బ్యాటరీదే అయినా ఎప్పుడో ఆగిపోయి ఉంది.

ఫోను తీశాడు. ఉమ ఆవకాయ పెట్టుకోవడానికని రెండు రోజుల కిందట మండపేట వెళ్ళింది. ఏమని అడగాలి, నువ్వు నాలుగేళ్ళుగా నాతో అబద్ధం చెబుతున్నావా అని ప్రెస్సులో కూర్చుని అడుగుతారా ఎవరైనా. అడగకుండా ప్లేటు ఎలా ఎక్కించడం. నొక్కాడు. ఎత్తింది ఉమ కాదు, అత్తయ్యగారు. "ఉమ చేతులు ఖాళీగా లేవు నాయనా, భోంచేశారా, ఎండలో తిరక్కండి," అంది. "అత్తయ్యగారూ, ఒక్కమాట. ఆనకట్ట ముక్కకి ఎంత పెడితే మీరు కొంటారండి," అన్నాడు. "మీరెంత పెడితే అంతేనండి, మీకు తెలియనిదా," అంది ఆవిడ, అన్న వెంటనే ఆవిడ వెనకనుంచి ఎవరో గట్టిగా గదమాయించారు. "ఒరేయ్, ఆ మిల్లు కింద పెట్టు. చూస్తున్నాననుకోలేదా. దొంగాట ఆడితే చెవులు మెలిపెడతా." అది మావయ్యగారి గొంతు. అతనితో ఏనాడూ అరంగుళం ఎత్తుకి మించని గొంతు. దాని వెనకే ఉదయ్, "నాన్నా, మీరు ఇందాక లాకు రెండుసార్లు ఆడారు, అదేం ఆటండి," అని అరుస్తున్నాడు. అత్తయ్యగారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టినట్టుంది, అయినా "నా ముక్కలు చూశారంటే ఊరుకోను" అన్న మాట స్పష్టంగానే వినిపించింది. శశిభూషణ్ ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. అత్తవారింటికే చేశాడా, ఇంకెక్కడికైనా కలిసిందా. "ఉమకి ఇవ్వండి," అన్నాడు.

ఉమ వచ్చింది. నడుస్తున్న చప్పుడు, తలుపు చప్పుడు, పెరట్లోకి వచ్చినట్టుంది. "మీరిప్పుడు చేస్తారనుకోలేదండి," అంది. "రోజూ ఆడుతున్నారా," అన్నాడు. "మీరు మొదటిసారి ఇక్కడ ఒక కట్ట వదిలేసి వెళ్ళినప్పటి నుంచీనండి. భోజనాలయ్యాక. మీరొచ్చినప్పుడు కూడా, మీరు నిద్రపోయాక." "ఆనకట్ట ఎంత మీకు?" "అయిదేనండి. మీరు రాసిన ఎనిమిది మీద చిన్న కాగితం అంటించుకున్నాం. మీరొచ్చే రోజు తీసేస్తాం." అతనికి నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియలేదు. మరి నాతో ఎందుకలా ఆడారు అని అడగబోయి ఆగాడు, జవాబు అతనికి తెలుసు. కానీ ఇంకోటి అడగకుండా ఉండలేకపోయాడు. "ఉమా. ఒక్కసారి నాకు మర్యాద చెయ్యకుండా చెప్పు. ఆట బాగుందా?" అవతల ఎక్కడో గిన్నె పడిన చప్పుడు అయింది. "ఆట చాలా బాగుందండి. నిన్న తమ్ముడికీ నాన్నకీ మాటల్లేవు, దాని మీదే. మీరే బాగా ఆడరు. మిమ్మల్ని గెలిపించాలంటే మేం పడే అవస్థ మీకు తెలియదు. ఎనిమిది పెట్టిన రోజు అమ్మ అలిసిపోయి అన్నం తినకుండా పడుకుంది." నాలుగేళ్ళలో ఉమ అతనితో అంత పెద్ద మాట అనడం అదే మొదలు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది, నొప్పి కూడా పుట్టింది, అయినా ఇంకోసారి అంటే బాగుండునని అతనికి అనిపించింది. "ఈసారి వచ్చినప్పుడు నేనూ కూర్చుంటాను. నన్నూ ఓడించమని చెప్పు," అన్నాడు. "చెప్పి చూస్తానండి. అమ్మ ఒప్పుకోదు," అంది ఉమ, లోపలి నుంచి ఆమె వంతు వచ్చిందని ఎవరో కేకేస్తున్నారు, "ఉంటానండి, నేను వెళ్ళకపోతే నా వంతు కూడా వాళ్ళే ఆడేస్తారు," అని పెట్టేసింది.

ఫాను ఒక్కసారి మూలిగి కదిలింది. వెనక గదిలో మిషను ఎర్ర లైటు వెలిగింది. షీటు గాలికి లేస్తుంటే శశిభూషణ్ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు, మండపేటలో ఆ గదిలో, ఆ చాప మీద, అతను ఎన్నడూ వినని ఆ గొంతులతో అరుచుకుంటూ నలుగురు కూర్చుని ఉన్నారు, తను కట్టిన ఆట, తనకి చోటు లేని ఆట. ఎంత సంతోషంగా ఉందో అంత దిగులుగానూ ఉంది. చంద్రరావు గారు విసనకర్ర బల్ల మీద పడేసి వచ్చి నిలబడ్డారు. "తేలిందా అండి," అన్నారు. "అయిదు వేసెయ్యండి." "ఖాయమేనా. తర్వాత మార్చమంటే కుదరదు మరి. ఎవరిచేతన్నా ఆడించి చూశారా?" శశిభూషణ్ షీటు ఆయన చేతిలో పెట్టాడు. "మా అత్తవారింట్లో రోజూ ఆడుతున్నారండి," అన్నాడు. "నేను లేనప్పుడు."